వేపచెట్టు కింద మూడు నల్లరాళ్లు: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు 9

మా అమ్మమ్మ ఊరు ఉరవకొండ నుంచి బళ్లారి వెళ్లే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. ఊరి చివర వేపచెట్టు కింద అమ్మవారి గద్దె, గద్దె మీద మూడు నల్లరాళ్లు. ఒక్కొక్కటి అరచేతిలో పట్టేంత. ఒక కొస సన్నం, రెండో కొస వెడల్పు. ఆ వెడల్పు కొస ఒకప్పుడు పదునుగా ఉండేది. ఏళ్ల తరబడి పూసిన పసుపు, సిందూరం కింద ఇప్పుడు కంటికి కనిపించదు గాని, బొటనవేలితో తడిమితే తెలుస్తుంది. ఊళ్లో వాటిని పిడుగురాళ్లంటారు. పిడుగు పడినచోట భూమిలోకి దిగి కొన్నేళ్లకు పైకి తేలతాయని చిన్నప్పుడు చెప్పేవారు. ఉరుము ఉరిమినప్పుడల్లా నాకు ఆ గద్దె గుర్తుకు వచ్చేది.

భూగర్భశాస్త్రం చదివాక అవేమిటో తెలిసింది. కొత్తరాతియుగపు గొడ్డళ్లు. మూడు వేల ఏళ్లకు పైబడినవి. పశువులను మేపుతూ, పేడ కాల్చిన బూడిదదిబ్బలు మిగిల్చి, ఉలవలు, పెసలు పండించుకొన్న మనుషులు చెక్కి నూరిన పనిముట్లు. తెలిసి ఇన్నేళ్లయినా ఒక ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇవి ఏ గుట్ట రాళ్లు?

ఇది వట్టి కుతూహలం కాదు. ఆ ఊరికి సుమారు 50 కిలోమీటర్లలోపే సంగనకల్లు ఉంది. దక్షిణ భారతంలో కొత్తరాతియుగపు గొడ్డళ్ల తయారీకి అంతటి పేరున్న చోటు మరొకటి లేదు. ఈ మూడూ అక్కడివే అయితే, ఈ దారిన గొడ్డళ్లు చేతులు మారాయన్నమాట. కాకపోతే అదీ ఒక సమాధానమే.

నాతో ఇద్దరు డిగ్రీ విద్యార్థులు వస్తామన్నారు. ఒకరు కూడేరు అబ్బాయి, ఇంకొకరు గుంతకల్లు అమ్మాయి. మొదటిరోజే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. పురాతన స్థలంలో రాయి ఎంత చిన్నదైనా, పెచ్చయినా, చోటు మార్చకూడదు. చూడటం, కొలవటం, ఫొటో తీయటం, అంతే. పోల్చుకోవడానికి కావలసిన రాళ్లు రోడ్డు కోతల్లోంచి, క్వారీ వ్యర్థంలోంచి తెచ్చుకుంటాం.

నవంబరు 16

సంగనకల్లు వెళ్లి వచ్చాం. బళ్లారి దాటాక ఈశాన్యంగా ఐదారు కిలోమీటర్లు. దూరం నుంచి చూస్తే మన సీమలో ఎక్కడైనా కనిపించే గుండ్లగుట్టలే. సన్నరాచమ్మ గుట్ట, చౌడమ్మ గుట్ట, వాటికంటే పెద్దది హిరేగుడ్డ. కన్నడంలో హిరే అంటే పెద్ద, గుడ్డ అంటే మన గుట్ట.

హిరేగుడ్డ ఎక్కుతుంటే కాలికింద రాయి ఒక్కసారిగా మారిపోతుంది. అప్పటిదాకా గులాబీ, బూడిద రంగు గ్రానైట్ గుండ్లు. వాటి నడుమ హఠాత్తుగా నల్లబండల వరస. అదే డోలరైట్ డైకు. కోట్ల ఏళ్ల కిందట గ్రానైట్ పగిలినప్పుడు ఆ చీలికలోకి కింద నుంచి శిలాద్రవం ఎగదన్ని గోడలా గడ్డకట్టింది. బయటికి పొంగి గాలిలో చల్లారిన బసాల్టు కంటే నిదానంగా, లోలోతుల్లో చల్లారే గాబ్రో కంటే త్వరగా చల్లారింది. అందుకే దీని పలుకులు, అంటే స్ఫటికాలు, మరీ పెద్దవీ కావు, కంటికి ఆననంత చిన్నవీ కావు. అవి ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉండటంతో రాయి మొండిగా ఉంటుంది. చెకుముకి రాయిలా తేలిగ్గా పగలదు, పగిలాక పదును తొందరగా పోదు. చెట్టు కొట్టే గొడ్డలికి కావలసింది ఆ మొండితనమే.

డైకు పక్కన నేల నిండా పెచ్చులు. ఎన్నని చెప్పను! చోటు చూసి అడుగు వేయాల్సి వచ్చింది. ఒకదానిమీద ఒకటి కదిలితే పగిలిన కుండపెంకుల్లా గలగలమంటాయి. పక్కనే గ్రానైట్ బండల మీద నూరిన గాళ్లు: పొడుగ్గా, లోతుగా, లోపల చెయ్యి పెడితే అద్దంలా నున్నగా. కూడేరు అబ్బాయి ఒక గాడిలో అరచెయ్యి ఆనించి కదలకుండా చాలాసేపు కూర్చున్నాడు. నేను పిలవలేదు.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగా మిగిలింది: 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లవరంలో పాత రాతియుగపు పనిముట్టు గుర్తించిన భూగర్భశాస్త్రవేత్త. కాని బళ్లారి ప్రాంతంలోని ఈ గొడ్డళ్ల తయారీ గురించి 19వ శతాబ్దంలోనే విలువైన వివరాలు రాసిపెట్టింది కూడా ఆయనే. ఆయన సేకరణను 1904లో మద్రాసు మ్యూజియం కొనుక్కుంది. 1940లలో పురావస్తు శాస్త్రవేత్త బెండపూడి సుబ్బారావు ఇక్కడ తవ్వకం జరిపి పొరలవారీగా కాలక్రమం కట్టారు. 2000 తర్వాత రవి కొరిసెట్టర్, నికోల్ బోయివిన్, డోరియన్ ఫుల్లర్ తదితరులు కలిసి ఏళ్ల తరబడి పనిచేశారు. గొడ్డళ్ల తయారీ ఉధృతంగా సాగింది క్రీ.పూ. 1400 నుంచి 1200 మధ్య అని ఆ పరిశోధనలో తేలింది. అంటే కొత్తరాతియుగం చివర్లో.

ఆ గుట్ట ఉత్తరపు వైపున నల్లబండల మీద ఎద్దుల బొమ్మలు పొడిచి ఉన్నాయి. కొన్ని బండలను రాయితో తడితే గంటలా మోగుతాయి. వాటి మీద కొట్టి కొట్టి ఏర్పడిన గుంటలున్నాయి. గొడ్డలికి రాయి ఏరుకోవటంలో ఈ మోతకు కూడా పాత్ర ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది. పగులు లేని రాయి ఖంగుమంటుంది, లోపల చీలిక ఉన్నది డప్పగా పలుకుతుంది. కుండలు కొనేటప్పుడు మనమంతా చేసే పరీక్షే.

నవంబరు 30

పోలికరాళ్ల సేకరణ పూర్తయింది. బళ్లారి, గుంతకల్లు, అనంతపురం మధ్య 17 డైకుల నుంచి 34 ముక్కలు. వెతుక్కోవలసిన పనే లేదు. రోడ్డు కోతల్లో గ్రానైట్ మధ్య నల్లచార కనిపించిన ప్రతిచోటా బండి ఆపాం. ఎండకు పైపొర తుప్పురంగు తేలి ఉంటుంది, సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపల నీలినలుపు.

ఆ సులువే నన్ను కలవరపెట్టింది. ఇన్ని డైకులుంటే ఒక గొడ్డలి ఫలానా గుట్టదని ఎలా చెబుతాం?

మధ్యధరా ప్రాంతంలో ఈ పని చేసినవారికి అగ్నిపర్వతపు గాజు, అంటే అబ్సిడియన్ తోడైంది. అది దొరికే చోట్లు కొన్నే. ఒక్కో అగ్నిపర్వతపు గాజులో బేరియం, జిర్కోనియం లాంటి మూలకాల పాళ్లు ఒక్కో తీరుగా ఉంటాయని 1964లో జో కాన్, కోలిన్ రెన్‌ఫ్రూ చూపించారు. గ్రీసులో ఫ్రాంక్తి గుహలో సుమారు 13,000 ఏళ్ల నాటి పొరల్లోనే మీలోస్ ద్వీపపు గాజు దొరికింది. సముద్రం దాటకుండా అది రావడానికి వీల్లేదు. పడవ ముక్క ఒక్కటి దొరక్కపోయినా ఆ గాజుపెచ్చు వారి పడవ ప్రయాణానికి సాక్ష్యం చెప్పింది. మన ద్వీపకల్పంలో పనిముట్లకు అలాంటి గాజు లేదు. మనకున్నది డోలరైట్. అది ఎక్కడ పడితే అక్కడ ఉంది.

డిసెంబరు 7

సాంద్రత కొలిచే పద్ధతి కుదిరింది. ఎలక్ట్రానిక్ తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి అంకెను సున్నాకు తేవాలి. రాయిని దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో ముంచి పట్టుకోవాలి. తూకం ఎన్ని గ్రాములు చూపిస్తే రాయి ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. పొడిగా తూచిన బరువును దానితో భాగిస్తే సాంద్రత. రాయికి చిన్న గీత కూడా పడదు.

మన డోలరైట్లన్నీ 2.9 నుంచి 3.1 మధ్య వచ్చాయి. గ్రానైట్ 2.65 దగ్గర ఉంటుంది. కాబట్టి గ్రానైట్‌నూ డోలరైట్‌నూ విడదీయడానికి ఇది చాలు. ఒక డైకును ఇంకో డైకు నుంచి విడదీయడానికి బొత్తిగా చాలదు.

ఈరోజు జరిగిన నష్టం కూడా రాసిపెడుతున్నాను. నంబర్లను స్కెచ్ పెన్నుతో రాళ్ల మీదే రాశాం. నీళ్లలో ముంచేసరికి 11 ముక్కల మీద సిరా కొట్టుకుపోయింది. ఏ రాయి ఏ డైకుదో ఇక చెప్పలేం. వాటిని పక్కన పెట్టేశాం. చోటు తెలియని రాయికి ఈ పనిలో విలువ లేదు. ఆ డైకుల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఈసారి రాయి మీద తెల్ల రంగు చుక్క పెట్టి, ఆరాక దాని మీద ఇండియన్ ఇంకుతో రాసి, పైన గోళ్లరంగు పూత.

డిసెంబరు 21

గొడ్డలి చేయడం మొదలుపెట్టాం. చేసి చూడకుండా, ఏది ఏ రూపంలో ప్రయాణించి ఉంటుందో ఊహించడం తప్పు.

క్వారీ దగ్గర ఒక వడ్డెర పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, మా ప్రయత్నం కాసేపు చూశారు. నేను సుత్తిరాయిని నల్లరాయి నడుమన బలంగా వేస్తున్నాను. ఆయన దగ్గరికి వచ్చి, "అమ్మా, రాయిని కొట్టకు, రాయి అంచును కొట్టు. అది ఎటు పోవాలనుకుంటుందో అటే పోనీ" అన్నారు. ముక్కను నా చేతిలోంచి తీసుకుని తొడ మీద పెట్టుకుని, అంచు కొద్దిగా కిందికి వంచి, ఒక్క దెబ్బ వేశారు. అరచేయంత పెచ్చు చప్పుడు లేకుండా ఊడి ఆయన చేతిలో పడింది. ఇనప సుత్తీ ఉలీతో యాభై ఏళ్లు పనిచేసిన ఆయన రాతితో రాయిని కొట్టడం బహుశా ఇదే మొదటిసారి. అయినా చేతికి వాటం తెలుసు.

మొదటి రెండూ నడిమికి విరిగాయి. మూడోది నిలిచింది. 2.1 కిలోల ముద్ద 640 గ్రాముల ముతక గొడ్డలిగా తేలింది. మిగతా కిలోన్నరకు దగ్గర దగ్గరగా పెచ్చులూ పొడీ. గోరు కంటే పెద్ద పెచ్చులే 180కి పైగా లెక్కపెట్టాం. చుట్టూ నేల చూస్తే చిన్న హిరేగుడ్డే.

దీంతో ఒక పరీక్ష దొరికింది. గొడ్డలి తయారై ఊరికి వస్తే ఊళ్లో పెచ్చులుండవు. ముతకగా వచ్చి ఇక్కడ పూర్తయితే చిన్నచిన్న పెచ్చులు, నూరిన గాళ్లు ఉంటాయి. రాయి ముద్దగానే వస్తే పెద్ద పెచ్చులు కూడా ఉంటాయి. గొడ్డలి ఒక్కటే చూస్తే సగం కథే. దాని చెత్త ఎక్కడ పడిందో చూడాలి.

జనవరి 4

రోజుకు రెండు గంటల చొప్పున మూడు రోజులు చిన్న పలుగురాయితో గొడ్డలి ఒంటిని పొడిచాం. మిట్టలన్నీ నలిగి పిండిలా రాలాయి. తర్వాత గ్రానైట్ బండ మీద ఇసుకా నీళ్లూ వేసి నూరడం. పదునుకే 11 గంటలు పట్టింది. మొదటి గంటలో ఏమీ జరగనట్టే ఉంటుంది. నల్లటి బురద మాత్రం పారుతుంటుంది. నాలుగో గంటకు బండ మీద గాడి పడటం మొదలైంది. గుంతకల్లు అమ్మాయి భుజం పట్టేసి రెండు రోజులు చెయ్యి పైకి ఎత్తలేకపోయింది.

ఆ గాడి చూశాక హిరేగుడ్డ మీద అంత లోతైన గాళ్లు ఎన్ని చేతుల పనో అర్థమైంది. అంత కష్టం పడ్డ వస్తువును ఊరికే ఎవరూ ఇవ్వరు. ఇచ్చారంటే ఎదుటివారు తమకు ఎంతో కావలసినవారై ఉండాలి, లేదా ఎంతో కావలసింది తెచ్చి ఉండాలి.

జనవరి 8

చిన్న విషయం, కాని రాసి ఉంచాలి. కూడేరు అబ్బాయి అమరావతి దగ్గర కృష్ణ ఒడ్డున ఏరిన అకీకు (అగేట్) గులకరాయి తెచ్చాడు. ఎర్రగా, చారలు చారలుగా. ఇలాంటి రాయి పుట్టేది దక్కను బసాల్టు పొరల్లో. మహారాష్ట్రలో, తెలంగాణకు పడమటి అంచున వికారాబాద్, జహీరాబాద్ వైపు ఆ పొరలున్నాయి. అమరావతి చుట్టుపక్కల లేవు. "మేడమ్, ఇది కూడా వర్తకంలో వచ్చినట్టేనా?" అని అడిగాడు. ఇది నది మోసుకొచ్చింది. కృష్ణ, గోదావరి ఒడ్డున అకీకు పెచ్చు కనబడగానే ఎవరో వందల మైళ్లు నడిచి తెచ్చారని రాసేస్తే తప్పవుతుంది. ముందు పెచ్చు మీద మిగిలిన పాత తొక్క చూడాలి. నీళ్లలో దొర్లి అరిగిన నునుపుంటే నది తెచ్చిన రాయి. బసాల్టు బొరియలోంచి తీసినట్టు గరుకుగా ఉంటే అప్పుడు మనిషి ప్రయాణం గురించి ఆలోచించవచ్చు.

జనవరి 25

సంక్రాంతి సెలవుల తర్వాత కాలేజీ ల్యాబులో పలుచని కోతలు తయారయ్యాయి. రాతి బిళ్లను గాజుపలకకు అంటించి, కార్బొరండం పొడితో 0.03 మిల్లీమీటర్ల మందానికి నూరాలి. అంత పలచబడ్డాక నల్లరాయి కూడా వెలుతురును లోపలికి రానిస్తుంది. ధ్రువణ సూక్ష్మదర్శిని కింద పెట్టి పలకను తిప్పుతుంటే, ప్లేజియోక్లేజ్ అనే ఖనిజపు పలుకులు నలుపు తెలుపు చారల సన్నని కడ్డీల్లా మెరిశాయి. వాటి చుట్టూ పైరాక్సీన్ అనే ఇంకో ఖనిజం పసుపు, ఊదా, నీలం రంగుల్లో. అక్కడక్కడ వెలుతురు చొరని మాగ్నటైట్ చుక్కలు, అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం. ఏళ్ల తరబడి చూస్తున్నా ప్రతిసారీ ఊపిరి ఆగుతుంది నాకు.

కాని ఫలితం నిరాశపరిచింది. బళ్లారి డైకుకూ, అమ్మమ్మ ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న డైకుకూ తేడా పట్టుకోలేకపోయాను. కారణం లేకపోలేదు. ఈ ధార్వాడ శిలాఖండంలో, అంటే మన కాళ్ల కింది పాత రాతినేలలో, డైకులు గుంపులు గుంపులుగా పుట్టాయి. సుమారు 237 కోట్ల ఏళ్ల నాటి గుంపు ఒకటి తూర్పు పడమరలుగా వందల కిలోమీటర్లు పరచుకుని ఉంది. పులివెందుల దగ్గర అవక్షేప పొరల మధ్య చొరబడిన రాయి వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు. ఒకే గుంపులో డైకులన్నీ ఒకే శిలాద్రవపు బిడ్డలు. పోలికలు కలవకుండా ఎలా ఉంటాయి?

ఫిబ్రవరి 1

గద్దె దగ్గరికి వెళ్లాం. అమ్మవారికి రోజూ దీపం పెట్టే పెద్దావిడ మా అమ్మకు వరసకు పెద్దమ్మ, నాకు అవ్వ. విషయం చెప్పాను. పసుపు చెరపం, గీత పెట్టం, నీళ్లలో ముంచి వెంటనే ఇచ్చేస్తాం అన్నాను. నాకు లోపల బెరుకుగానే ఉంది. అవ్వ ఒక్క నిమిషం ఆలోచించి, "నీళ్లే కదా తల్లీ. అభిషేకం చేసినట్టే. కాకపోతే ప్లాస్టిక్ గిన్నె వద్దు" అని ఇంట్లోంచి రాగి గిన్నె తెప్పించింది. తలస్నానం చేసిరమ్మని అమ్మాయిని పంపింది. అబ్బాయి బావి నీళ్లు తోడాడు.

తూకం మీద రాగి గిన్నె, గిన్నె నిండా నీళ్లు. అమ్మాయి తడి జుట్టుతో మోకాళ్ల మీద కూర్చుని, దారం చివర గొడ్డలిని వేలాడదీసి, ఊగకుండా పట్టుకుంది. పసుపు కొద్దికొద్దిగా కరిగి నీళ్లు బంగారు రంగుకు తిరిగాయి. అవ్వ చేతులు జోడించి ఏదో పాడుకుంటోంది. నేను అంకెలు రాసుకున్నాను. మొదటిది 412 గ్రాములు, 137 ఘన సెంటీమీటర్లు. రెండోది 286, 96. మూడోది 350, 116. మూడు సాంద్రతలూ 3.0కి అటూ ఇటూ. ఆ నీళ్లు పారబోయనివ్వలేదు. అందరికీ తీర్థంగా ఇచ్చింది.

దారానికి చిన్న అయస్కాంతం కట్టి ఒక్కో రాయి పక్కకు తెచ్చాం. మొదటి రెండింటి వైపు అది మొగ్గింది. మూడోదాని దగ్గర నిటారుగా ఉండిపోయింది.

ఫిబ్రవరి 15

చేతిలో పట్టే ఎక్స్-రే ఫ్లోరోసెన్స్ యంత్రంతో ఒక మిత్రురాలు వచ్చింది. దాన్ని రాయికి ఆనించి మీట నొక్కితే, లోపలి మూలకాలు తమ తమ కిరణాలతో బదులు చెబుతాయి. రాయికి ఏమీ కాదు.

మొదటి కొలతలోనే సీసం గీత ఆకాశానికి లేచింది. డోలరైట్‌లో సీసం అంత ఉండదు. సిందూరం! అందులో సీసపు భస్మం కలుపుతారు. రాయి తిప్పి, ఎన్నడూ బొట్టు పడని అడుగు భాగంలో మళ్లీ కొలిచాం. పైపొర ఎండావానలకు మారిన రాయి గనుక ఈ అంకెలను లెక్కగా కాక, మొగ్గుగా మాత్రమే చూడాలి.

మొదటి రెండూ డోలరైట్లే. టైటానియం, జిర్కోనియం పాళ్లు హిరేగుడ్డ డైకుకు సరిపోతాయి. పక్కనే నాలుగు కిలోమీటర్ల దూరంలోని డైకుకూ సరిపోతాయి. ఒక దాన్ని ఎంచుకునే హక్కు నాకు లేదు. సంగనకల్లు నుంచి వచ్చాయని రాయాలని ఎంత ఆశగా ఉన్నా, రాయను.

మూడోది డోలరైటే కాదు. భూతద్దంలో చూస్తే పలుకులన్నీ ఒకే దిక్కుకు పడుకుని ఉన్నాయి. పసుపు కింద ఆకుపచ్చ ఛాయ. వేడికీ ఒత్తిడికీ మారిన పాత బసాల్టు, ఆంఫిబొలైట్. అది దొరికేది షిస్టు పట్టీల్లో, అంటే వేడికీ ఒత్తిడికీ మారి పలకలుగా చీలే రాళ్ల వరసల్లో. పడమటన సండూరు, దక్షిణాన రామగిరి, దగ్గరలో అయితే పెనకచెర్ల వైపు. ఈ ఊరి పొలాల్లో మాత్రం లేదు.

ఆ రాత్రి ముగ్గురికీ నిద్ర పట్టలేదు. ఒకే గద్దె మీద రెండు దిక్కుల రాళ్లు. అబ్బాయి అప్పటికే పటం మీద బాణాలు గీస్తున్నాడు.

ఫిబ్రవరి 22

బాణాలు చెరిపేశాం.

ముందే అడగవలసిన మాట ఈరోజు అడిగాను. అవ్వా, ఈ రాళ్లు గద్దె మీదికి ఎలా వచ్చాయి? మొదటిది వాళ్ల మామగారు బావి తవ్విస్తుంటే నిలువెత్తు లోతులో దొరికిందట. రెండోది ఎప్పటినుంచో ఉంది, ఎవరికీ తెలియదు. మూడోదాన్ని చూపించి అవ్వ నవ్వింది.

"ఇది మా అత్త తెచ్చింది. కాపురానికి వస్తూ తెచ్చుకుంది. వాళ్ల పుట్టింటి చేలో దొరికిందట. వాళ్లమ్మ చీర చెంగులో కట్టి, పిడుగు పడకుండా ఇల్లు కాస్తుంది, దగ్గర పెట్టుకో అని ఇచ్చిందట. మొదట ఇంట్లోనే ఉండేది. అత్త పోయాక ఇక్కడ పెట్టాం."

పుట్టిల్లు ఎక్కడ అని అడిగాను. ఊరి పేరు చెప్పింది. తూర్పున, ఎడ్లబండి మీద ఒకటిన్నర రోజు ప్రయాణమట. పటంలో చూశాను. పెనకచెర్ల వైపే.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మూడు వేల ఏళ్ల నాటి గొడ్డలి. దాని చివరి ప్రయాణం మాత్రం నూరేళ్లలోపుది, ఒక పెళ్లికూతురి కొంగుముడిలో. రెన్‌ఫ్రూ గీసిన లెక్కలో అబ్సిడియన్ గాజు పుట్టినచోటు నుంచి సుమారు 300 కిలోమీటర్ల వరకు ఉన్న ఊళ్లలో రాతిపనిముట్లలో ఎక్కువ భాగం దానివే. ఆ తర్వాత ఊరి నుంచి ఊరికి చేతులు మారేకొద్దీ దాని వాటా వేగంగా పడిపోతుంది. ఆ గీతను ఎన్నోసార్లు బోర్డు మీద గీశాను. చేతులు మారడం అని చెబుతూనే ఉన్నాను గాని, ఆ చేతులు ఎవరివో ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పుట్టింటి నుంచి అత్తింటికి, అక్కడ పుట్టిన కూతురితో ఇంకో ఊరికి. సంగనకల్లు కాలంలో ఇలాగే జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. వర్తకుడు లేకుండా కూడా రాయి ఇంత దూరం నడుస్తుందనడానికి మాత్రం ఇప్పుడు సాక్షి ఉంది.

మార్చి 1

పని దారి మార్చుతున్నాం. డైకులు కిక్కిరిసిన బళ్లారి, ఉరవకొండ నేల మీద డోలరైట్ గొడ్డలి ఎంత వెతికినా ఎటూ తేలదు. నంద్యాల మైదానం వేరు. అక్కడ నేల కింద సున్నపురాయి, బురద గట్టిపడిన షేలు. నల్లరాయి గొడ్డలి దొరికితే అది బయటినుంచి రావలసిందే. తాడిపత్రి, పులివెందుల వైపు అవక్షేపాల మధ్య చొరబడిన నల్లరాళ్లున్నాయి కాబట్టి వాటినీ పోలికలోకి తీసుకోవాలి. కుందూ నది ఎక్కడి నుంచి ఏం మోసుకొస్తుందో ఒడ్డున గులకరాళ్లు ఏరి చూడాలి. ఆ పని ముందు. మ్యూజియంలో ఉన్న గొడ్డళ్లను కొలవడానికి అనుమతి కోరుతూ ఉత్తరం రాశాను. చోటు నమోదైన గొడ్డళ్లకే ప్రాధాన్యమని అందులో ప్రత్యేకంగా పేర్కొన్నాను.

ప్రతి రాయి నమోదు కాగితంలో అమ్మాయి ఒక కొత్త గడి చేర్చింది: "ఇక్కడికి ఎవరు తెచ్చారు?" బావి, పొలం, గద్దె, ఇల్లు అన్నిచోట్లా అడిగి రాయాలి.

వచ్చే ఆదివారం అవ్వ అత్తగారి పుట్టింటి ఊరికి వెళ్తున్నాం. ఆ చేను ఇప్పటికీ ఆ ఇంటివాళ్లదేనట. అవ్వ కూడా వస్తానంది. పెళ్లయి ఈ ఊరికి వచ్చాక ఆ వైపు ఆవిడ వెళ్లింది ఒక్కసారేనట. మూడో రాయిని వెంట తీసుకెళ్దామా అని అడిగితే, వద్దు, అది ఇక్కడికి వచ్చేసింది, ఫొటో చూపించండి చాలు అంది. రాగి గిన్నె మాత్రం ఇప్పుడే సంచిలో పెట్టించింది.